బెడ్‌పాన్‌కీ కుర్చీకీ నడుమ: హైదరాబాద్ దవాఖానల్లో దళిత స్త్రీల చరిత్ర

అంబర్‌పేట్ అలీ కేఫ్ చౌరస్తా దగ్గర తెల్లవారుజామున అయిదున్నరకి నిలబడితే బస్సుల కోసం, షేర్ ఆటోల కోసం ఎదురుచూసే ఆడవాళ్లు కనిపిస్తారు. చేతిలో టిఫిన్ డబ్బా, భుజానికి ఒక సంచి, సంచిలో మడిచిన యూనిఫాం చీర. కొందరు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి, కొందరు విద్యానగర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ హాస్పిటల్‌కి, ఇంకొందరు గాంధీకి, ఉస్మానియాకి, నాచారం ఈఎస్ఐకి, ఉప్పల్ దారి పొడుగునా లేచిన ప్రైవేటు నర్సింగ్ హోములకి పోతారు. వీళ్లలో ఆయాలున్నారు, స్వీపర్లున్నారు, ఏఎన్ఎంలున్నారు, స్టాఫ్ నర్సులున్నారు. మూడు తరాలుగా ఒకే ఇంటి నుంచి దవాఖానకి పోతున్నవాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు. మేము అట్లాంటి ఒక ఇంటి నుంచే వచ్చాం.

ఈ వ్యాసంలో మేము అడిగే ప్రశ్న ఒకటే. ఒక సమూహం నూరేళ్లకు పైగా దవాఖానని కడిగి, తుడిచి, రోగిని ఎత్తి, దించి, బిడ్డను పట్టి, శవాన్ని మూటగట్టి నడిపిస్తుంటే, ఆ దవాఖానను 'నిర్వహించే' కుర్చీలోకి ఆ సమూహపు స్త్రీ ఎందుకు చేరలేకపోయింది? వైద్య చరిత్ర పేరుతో మనకు పాఠాలు చెప్పినవాళ్లు డాక్టర్ల పేర్లు చెప్పారు, భవనాలు కట్టించిన నవాబుల పేర్లు చెప్పారు. బెడ్‌పాన్ మోసిన చేతులకు చరిత్ర ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అందుకే ఈ పని మనమే మొదలుపెట్టాలి.

1. మంత్రసాని ఎక్కడికి పోయింది?

దవాఖానలు రాకముందు పల్లెలో కాన్పు ఎవరు చేశారు? చాలాచోట్ల మాల, మాదిగ వాడల నుంచి వచ్చిన మంత్రసానులు, మంగలి ఆడవాళ్లు చేశారు. దొరసాని అయినా కరణం భార్య అయినా నొప్పులు మొదలైతే వాడకి మనిషిని పంపాల్సిందే. పురుడు అశుద్ధం, మాయ అశుద్ధం, రక్తం అశుద్ధం. కాబట్టి అశుద్ధులని ముద్రపడ్డవాళ్లే వాటిని తాకాలి. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో, మాయ పడకపోతే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. ఆ తెలివికి ఇన్ని గింజలు, ఒక పాత చీర దొరికాయి. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక అదే గడప లోపలికి ఆమె రాకూడదు.

ఆధునిక వైద్యం వచ్చి ఈ తెలివిని ఏం చేసింది? 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక దేశం మొత్తానికి దాదాపు 7 వేల మంది నర్సులున్నారని, 43 వేల మంది జనాభాకి ఒక్క నర్సు అని లెక్కగట్టింది. అంటే కాన్పుల భారం దాదాపు అంతా దాయిల మీదే ఉంది. వాళ్లకి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, ఒక కిట్టు చేతికివ్వడం దగ్గరే పథకాలు ఆగిపోయాయి. ఆమె అనుభవాన్ని అర్హతగా గుర్తించి, ఆమెనో ఆమె బిడ్డనో నర్సింగ్ చదువులోకి తీసుకుపోయే మెట్టు ఎవరూ కట్టలేదు. మంత్రసాని 'మూఢత్వానికి' గుర్తు అయింది, కాన్పు డాక్టరమ్మ వృత్తి అయింది. వాడ ఆడమనిషికి ఆ గదిలో మిగిలింది నేల తుడవడం.

2. మిషన్ దవాఖాన తెరిచిన తలుపు

1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల హాస్పిటల్ తెరిచింది. నిజాం రాష్ట్రంలో మెదక్‌లో వెస్లియన్ మిషన్, హనుమకొండలో బాప్టిస్టు మిషన్ దవాఖానలు నడిపాయి. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగుల కోసం పని మొదలుపెట్టింది. వీటన్నిటికీ నర్సులు కావాలి. ఎక్కడి నుంచి వస్తారు? బ్రాహ్మణ వితంతువులకి చదువు నేర్పించాలని సంఘసంస్కర్తలు తపనపడుతున్న కాలం అది. కానీ ఆ ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి పుండు కడగడానికి, మలమూత్రాలు ఎత్తడానికి, రాత్రి డ్యూటీ చెయ్యడానికి ఒప్పుకోలేదు, వాళ్ల మగవాళ్లు ఒప్పుకోనివ్వలేదు. మిషన్ బోర్డింగు స్కూళ్లలో చదువుకున్న మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు ఆ తెల్ల దుస్తులు తొడుక్కున్నారు.

దీన్ని మేము రెండు వైపుల నుంచీ చూడాలంటున్నాం. ఒకవైపు ఇది మన స్త్రీల చరిత్రలో పెద్ద తిరుగుబాటు. అంటరాని ఇంటి పిల్ల నాడి పట్టుకుంటే కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ రోగి చెయ్యి చాపాల్సి వచ్చింది. నెల జీతం ఆమె చేతికి వచ్చింది. మరోవైపు, నర్సింగ్ ఎందుకు మనదాకా వచ్చింది? పైవాళ్లు వద్దన్నారు కాబట్టి వచ్చింది. 'ముట్టుకునే పని' అనే మచ్చతోనే వచ్చింది. పైగా మిషన్ దవాఖానలో పెత్తనం తెల్ల డాక్టరమ్మది, తెల్ల మేట్రన్‌ది. దేశీయ నర్సు ఎంత సీనియర్ అయినా 'సిస్టరమ్మ'గానే ఉండిపోయింది. తాళంచెవులు, లెక్కల పుస్తకం, నియామకం చేసే కలం చాలాకాలం ఆమె చేతికి రాలేదు.

3. నిజాం నగరంలో

హైదరాబాద్ వైద్య చరిత్రకి గర్వపడే పేజీలున్నాయి. ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే జరిగాయి. 1880లలో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన పార్సీ స్త్రీ రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకుంటాం. ఈ గర్వంలో మాకూ వాటా ఉంది. కానీ అదే కాలంలో ఈ నగరపు మాల, మాదిగ, మెహతర్ స్త్రీలు ఎక్కడున్నారు? బడి గడప కూడా ఎక్కని స్థితిలో ఉన్నారు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత ఆది హిందూ ఉద్యమాన్ని నడిపి, మన పిల్లల కోసం పాతిక దాకా బడులు పెడితే గాని అక్షరం మన గల్లీకి రాలేదు. రూపాబాయి డాక్టర్ అయిన ఇరవై ఏళ్ల తర్వాతి మాట ఇది. నగరంలో పెద్ద దవాఖానలు లేచినప్పుడు మనవాళ్లు కూడా లోపలికి పోయారు, కానీ వెనక తలుపు నుంచి.

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని మా పెద్దోళ్లు ఇప్పటికీ 'కోరంటి దవాఖాన' అనే అంటారు. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో పడి కోరంటి అయింది. కలరా, ధనుర్వాతం, డిఫ్తీరియా, కుక్క కాటు అన్నీ అక్కడికే వస్తాయి. అంటురోగాల దవాఖానలో అంటరానివాళ్లకి పని తొందరగా దొరుకుతుంది. ఈ మాటలో ఎగతాళి లేదు, దేశమంతటా ఇదే లెక్క నడిచింది. ఎవరూ ముట్టుకోని రోగిని ముట్టుకోవడానికి ఎవరూ ముట్టుకోని మనిషిని పెట్టారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మళ్లీ చూశాం. వార్డుల్లో రోగి పక్కన ఎక్కువసేపు ఉన్నది నర్సులు, ఆయాలు, సఫాయి కార్మికులే. ఆ ఏడాది జులైలో గాంధీ దవాఖాన ఔట్‌సోర్సింగ్ నర్సులు, నాలుగో తరగతి సిబ్బంది జీతాల కోసం, పర్మినెంటు కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది.

4. సముద్రానికి అవతల

మన కథ మనకే పరిమితం కాదు. అమెరికాలో మేరీ ఎలైజా మహోనీ 1879లో బోస్టన్‌లో నర్సింగ్ శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు పొందిన తొలి నల్లజాతి నర్సు అయింది. శ్వేతజాతి నర్సుల సంఘాలు తలుపులు మూస్తే నల్లజాతి నర్సులు 1908లో తమ జాతీయ సంఘం తామే పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి నర్సులు చాలక అల్లాడుతూ కూడా అమెరికా సైన్యం నల్లజాతి నర్సులని లెక్కగట్టి కొద్దిమందినే తీసుకుంది. మేబుల్ స్టాపర్స్ నాయకత్వంలో పోరాడితే 1945 జనవరిలో ఆ అడ్డు తొలగింది. చర్మం రంగు చూసి ఒక నర్సింగ్ స్కూలు సీటు నిరాకరించిన హేజెల్ జాన్సన్, న్యూయార్క్ హార్లెంలో చదువుకుని, 1979లో అమెరికా సైన్యపు నర్సుల విభాగానికే అధిపతి అయింది. మహోనీ పట్టా నుంచి హేజెల్ జాన్సన్ కుర్చీ దాకా సరిగ్గా నూరేళ్లు పట్టింది.

ఇంకో సంఘటన మాకు మరింత దగ్గరిది. 1969లో దక్షిణ కరొలైనా రాష్ట్రం చార్లెస్టన్‌లో నాలుగు వందల మందికి పైగా నల్లజాతి దవాఖాన కార్మికులు, ఎక్కువమంది స్త్రీలు, మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. వాళ్ల కూలి గంటకి 1 డాలరు 30 సెంట్లు. నాయకురాలు మేరీ మౌల్ట్రీ న్యూయార్క్‌లో లైసెన్సున్న ప్రాక్టికల్ నర్సుగా చేసి వచ్చినా సొంత ఊళ్లో ఆమెకిచ్చింది నర్సుల సహాయకురాలి పని. చదువు ఉండి కూడా ఆయాగా నిలబెట్టడమనే విద్య అమెరికా తెల్లదొరలకీ మన పెద్దకులాలకీ ఒకేలా తెలుసు.

బ్రిటన్‌లో ఇంకా తెలివిగా చేశారు. కరీబియన్ నుంచి వచ్చిన నల్లజాతి ఆడపిల్లల్లో ఎందరినో మూడేళ్ల రిజిస్టర్డ్ నర్సు చదువులోకి కాకుండా రెండేళ్ల ఎన్‌రోల్డ్ నర్సు చదువులోకి మళ్లించారు. రెండూ నర్సింగే కదా అనుకుని సంతకం పెట్టారు. వార్డు సిస్టర్‌గా, మేట్రన్‌గా ఎదగాలంటే రెండో రకం పట్టా పనికిరాదని చాలామందికి తర్వాతే తెలిసింది. ఇక్కడ అడ్డుకున్నది ప్రమోషన్ ఇచ్చే రోజున కాదు, చదువులో చేరిన రోజునే.

మన దగ్గర దీనికి సరిజోడు ఏఎన్ఎం చదువు. 1950ల మొదట్లో మొదలైన ఈ చిన్న కోర్సు లక్షల మంది పేద ఆడపిల్లలకి ఉద్యోగమిచ్చింది, దాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ ఏఎన్ఎంకీ మూడేళ్ల జీఎన్ఎంకీ మధ్య ఉద్యోగం చేస్తూ ఎక్కగలిగే మెట్లు చాలా తక్కువ. సబ్‌సెంటర్లో చేరిన ఏఎన్ఎం హెల్త్ సూపర్‌వైజరు దాకా వచ్చి రిటైర్ కావడమే మామూలు. పదో తరగతి అయిపోగానే 'తొందరగా జీతం వచ్చే చదువు' ఎంచుకునేది ఎవరు? ఇంట్లో ఆగే ఓపిక లేనివాళ్లు. వాళ్లెవరో వేరే చెప్పాలా?

5. మా అక్క సర్టిఫికెట్

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా అమ్మ ముప్ఫై ఏళ్లకి పైగా నగరంలో ఒక దవాఖానలో ఆయాగా చేసింది. కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్లకి మంచం మీది రోగిని నొప్పి లేకుండా ఎట్లా తిప్పాలో చూపించేది. ఏ గదిలో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందో, ఏ స్టోర్‌కీపర్ దూది లెక్క తప్పు రాస్తాడో ఆమెకి తెలుసు. మేనేజ్‌మెంట్ అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నదాంట్లో సగం ఆమె సంతకం లేకుండా చేసింది. చేరినప్పుడు ఆయా, దిగినప్పుడూ ఆయానే.

అక్క జీఎన్ఎం చదివి స్టాఫ్ నర్సు అయింది. హెడ్ నర్సు లేని వార్డుకి ఆరేళ్లు 'ఇన్‌ఛార్జి'గా చేసింది. పని హెడ్ నర్సుది, జీతం స్టాఫ్ నర్సుది. ప్రమోషన్ల జాబితా వచ్చే ముందు ఆఫీసులో ఒకాయన నవ్వుతూ అడిగాడట, "సిస్టరమ్మా, మీరు ఆదివారం చర్చికి పోతరు గదా, మరి సర్టిఫికెట్ల హిందూ మాదిగ అని ఎట్ల ఉంది?" అని. ఆ మాట తర్వాత అక్క మెడలో చిన్న సిలువ తీసి బీరువాలో పెట్టింది. రెండేళ్లకి అమ్మ చనిపోయింది. పాస్టరుని ఇంటికి పిలవాలా వద్దా అని అక్క శవం పక్కన కూర్చుని ఆలోచించింది. ఎవరన్నా ఫోటో తీసి ఆఫీసుకి పంపితే? చివరికి పిలిచింది. కానీ ఆ గంట ఆలోచన ఆమెని ఇప్పటికీ తింటూనే ఉంది. "అమ్మని మట్టిల పెట్టే దగ్గర గూడ నౌకరే యాదికొచ్చింది నాకు" అంటది.

ఇది ఒక్క అక్క బాధ కాదు. దీని వెనక చట్టం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవులని కలపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లని బీసీ-సీ గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. ఎస్సీలకి 15 శాతం. అంటే నూరు పోస్టుల రోస్టర్లో పదిహేను పాయింట్ల నుంచి ఒక్క పాయింటుకి దిగడం. అది కూడా ఉద్యోగంలో చేరేటప్పుడే.

ప్రమోషన్ల దగ్గరికి వస్తే కథ ఇంకా దారుణం. 1992లో మండల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రమోషన్లలో రిజర్వేషన్లు కుదరవంది. 1995లో 77వ రాజ్యాంగ సవరణ వాటిని తిరిగి తెచ్చింది, ఎస్సీ ఎస్టీలకి మాత్రమే. 2001లో 85వ సవరణ సీనియారిటీని కూడా కలిపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2003లో అమల్లోకి వచ్చింది, అయిదు పోస్టుల కంటే ఎక్కువున్న కేడర్లకే. 2006లో నాగరాజ్ తీర్పు మళ్లీ షరతులు పెట్టింది. ఇప్పుడు లెక్క చూడండి. మిషన్ బడిలో చదివి, మిషన్ దారిలో నర్సయిన దళిత క్రైస్తవ స్త్రీ తన మతం నిజం చెబితే బీసీ-సీ అవుతుంది. బీసీలకి ప్రమోషన్లలో రిజర్వేషన్ లేదు. కాబట్టి స్టాఫ్ నర్సు నుంచి హెడ్ నర్సుకీ, అక్కడి నుంచి నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-2కీ, గ్రేడ్-1కీ ఆమెకి రోస్టర్ సాయం సున్నా. ఏ మతం ఆమెకి నర్సింగ్ తలుపు తెరిచిందో ఆ మతం పేరుతోనే పై తలుపు మూశారు. కులం మాత్రం మారలేదు, వార్డులో ఆమె తాగిన గ్లాసు వేరేగానే ఉంటుంది. ఈ ప్రశ్న మీద 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆ విచారణలో నర్సుల మాట వినిపించాల్సిన బాధ్యత మన సంఘాలది.

6. కొత్త కుర్చీలు, కొత్త తాళాలు

ప్రభుత్వ దవాఖానకి సూపరింటెండెంట్ డాక్టరే అవుతాడు. నర్సు ఎంత ఎదిగినా నర్సింగ్ విభాగం దాటదు. సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన నర్సింగ్ మీద వేసిన ఉన్నతస్థాయి కమిటీ 1989లోనే నర్సులకి పైస్థాయి పాలనా పదవులు ఉండాలని చెప్పింది. తెలంగాణలో స్టాఫ్ నర్సుని నర్సింగ్ ఆఫీసర్ అని పిలవడం మొదలైంది, మంచిదే. పేరు మారినంతలో నియామకం, బడ్జెట్టు, కొనుగోళ్ల మీద అధికారం రాదు.

ఈలోగా 1988లో హైదరాబాద్‌లో అపోలో వచ్చింది, తర్వాత వరసగా కార్పొరేట్ దవాఖానలు వచ్చాయి. వాటితో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అనే కొత్త చదువు, ఆపరేషన్స్ మేనేజర్, క్వాలిటీ మేనేజర్ అనే కొత్త కుర్చీలు వచ్చాయి. ఇవన్నీ ప్రైవేటు. రిజర్వేషన్ లేదు. ఫీజు లక్షల్లో, మాట ఇంగ్లీషులో. వార్డులో పదిహేనేళ్లు చేసిన నర్సు కన్నా రెండేళ్ల పట్టా తెచ్చుకున్న పాతికేళ్ల కుర్రాడు ఆమె డ్యూటీ చార్టు రాస్తాడు.

ప్రభుత్వం వైపు ఏం జరిగింది? 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో దవాఖానల సంస్కరణ మొదలైన కాలంలోనే పారిశుద్ధ్యం పని కాంట్రాక్టర్ల చేతికి పోవడం మొదలైంది. మా అమ్మ తరానికి కనీసం పింఛను వచ్చింది. ఇప్పుడు ఆ పనే చేసే మా గల్లీ చెల్లెకి కాంట్రాక్టర్ మారితే పని ఉంటదో ఉండదో తెల్వదు. కాంట్రాక్టు మనిషికి కేడర్ ఉండదు. కేడర్ లేనిచోట సీనియారిటీ ఉండదు, రోస్టర్ ఉండదు, ప్రమోషన్ అనే మాటే ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద రోగికీ కార్పొరేట్ దవాఖానకీ మధ్య నిలబడే ఆరోగ్యమిత్రల కొలువులొచ్చాయి. అవీ ఔట్‌సోర్సింగే.

7. మనలో మనం

'దళిత స్త్రీ' అని ఒక్క మాటలో అనేస్తే సరిపోదు. మిషన్ చదువు అన్ని కులాలకీ ఒకేలా అందలేదు. నర్సు గౌను తొడిగినవాళ్లు, చీపురు దగ్గరే ఉన్నవాళ్లు అనే తేడా మన మధ్యే ఉంది. మెహతర్, రెల్లి స్త్రీలు నేటికీ ఎక్కువగా చీపురు దగ్గరే ఉన్నారు. 1994లో మొదలైన దండోరా ఈ ప్రశ్ననే అడిగింది. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపుల వర్గీకరణ అమల్లోకి వచ్చింది. దవాఖానల్లో ఈ మార్పు ఎక్కడిదాకా పోతుందో మనం కళ్లు తెరిచి చూడాలి. స్టాఫ్ నర్సు పోస్టుల దగ్గరే ఆగుతుందా, సూపరింటెండెంట్ల జాబితా దాకా వస్తుందా? నర్సు అయిన అక్క ఆయా అయిన చెల్లెని 'ఏయ్' అని పిలిచే వార్డులు మాకు తెలుసు. పెద్దకులాల మేట్రన్‌ని ప్రశ్నించే ముందు దీన్ని కూడా ఒప్పుకోవాలి.

8. ఏం చెయ్యాలె?

మొదటిది, లెక్క. రాష్ట్రంలోని ప్రతి బోధనా దవాఖానలో హెడ్ నర్సు నుంచి పైకి ఎన్ని పోస్టులున్నాయి, ఏ కులం, ఏ గ్రూపు స్త్రీలు ఎందరున్నారు అనే జాబితా సమాచార హక్కు చట్టం కింద అడగాలి. విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో దవాఖాన పంచుకుంటే ఒక సెలవుల్లో అయిపోయే పని ఇది.

రెండోది, మెట్లు. ఆయాగా చేస్తున్న పదో తరగతి పాసైన ఆడమనిషికి జీతంతో కూడిన ఏఎన్ఎం శిక్షణ, ఏఎన్ఎంకి జీఎన్ఎం, స్టాఫ్ నర్సుకి హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదువు, అన్నిట్లో సీట్లు కేటాయించమని అడగాలి. నిమ్స్‌లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ చదువులు మన కళ్ల ముందే ఉన్నాయి. మూడోది, కాంట్రాక్టు పనికి పర్మినెంటు, దానితో పాటే రోస్టర్. నాలుగోది, మతం మారినా కులం వదలని దేశంలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా.

అయిదోది, జ్ఞాపకం. అంబర్‌పేట్, గోల్నాక, రామంతాపూర్, ఉప్పల్, నాచారం గల్లీల్లో రిటైరయిన ఆయాలు, సిస్టరమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. మా అమ్మ చెప్పింది మేము రాసుకోలేదు. అప్పుడు మేము ఉస్మానియా లైబ్రరీలో కూర్చుని పరీక్షల కోసం ఎవరెవరి చరిత్రో చదువుతున్నాం. ఇంటికొచ్చేసరికి ఆమె నైట్ డ్యూటీకి పోయేది. ఆమె మిగిల్చిన దవాఖాన గుర్తింపు కార్డు ఒకటి మా దగ్గరుంది. పేరు తప్పుగా రాశారు, హోదా మాత్రం సరిగ్గానే రాశారు. ఈ వ్యాసం ఆ కార్డు ముందు పెట్టుకుని రాసింది.